మంచం మీ దగ్గరుంది, గది కూడా చూపించండి: మ్యూజియంలకి ఒక బహిరంగ లేఖ

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వి అండ్ ఏ), ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్, బెడ్‌ఫర్డ్ హిగ్గిన్స్ మ్యూజియంల క్యూరేటర్లకి, ఇంకా ఆర్కిటెక్ట్ విలియం బర్జెస్ చేయించిన సామానులో ఒక్క ముక్కైనా దగ్గరున్న మిగతా మ్యూజియంలవాళ్ళకి,

నమస్తే అండీ. ఇంగ్లిష్ కాపీ మీకు విడిగా మెయిల్ పెట్టాను, కాబట్టి కంగారు పడొద్దు. తెలుగులో ఎందుకంటే ఈ దేశంలో మనవాళ్ళం బాగానే ఉన్నాం, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే లండన్ ఐ, టవర్ బ్రిడ్జ్, బికెస్టర్‌లో షాపింగ్ అయిపోయాక నాలుగో వారం నుంచి ఎక్కడికి తిప్పాలో తెలీక మీ దగ్గరికే తీసుకొస్తాం, పైగా టికెట్ లేని మ్యూజియం అంటే మాకు ఇంకాస్త అభిమానం. అంటే మేమూ మీ జనమే కదా, మా మాట కూడా చెవిన పడాలి.

అడగాల్సింది ఒక్కటే. బర్జెస్ మంచాలు, బీరువాలు, బల్లలు మీ దగ్గరున్నాయి. అవి ఉండాల్సిన గదులు ఇంకా నిక్షేపంలా లండన్‌లోనే ఉన్నాయి. రెండూ కలిపి చూసే దారి మాత్రం మామూలు మనిషికి లేదు. ఆ దారి మీరు వెయ్యగలరు.

ఈయనెవరో తెలీనివాళ్ళ కోసం కాస్త చెప్తాను, క్యూరేటర్లు ఈ ముక్క దాటేసి వెళ్ళిపోవచ్చు. హాలండ్ పార్క్ పక్కన మెల్‌బరీ రోడ్‌లో 29వ నెంబర్ ఇల్లు, పేరు టవర్ హౌస్. ఎర్ర ఇటుక, కిటికీలకి అంచులకి బాత్ రాయి, మూలన గుండ్రటి బురుజు, దానిమీద కోన్ ఐస్‌క్రీమ్ తిరగేసి పెట్టినట్టు కప్పు. కట్టినాయన విలియం బర్జెస్, 1827లో పుట్టాడు, వేల్స్‌లో కార్డిఫ్ కోటని, దాని దగ్గర్లోనే కాస్టెల్ కోచ్‌ని బ్యూట్ ప్రభువు డబ్బుతో కథల్లో కోటల్లా తయారుచేసింది ఈయనే. 13వ శతాబ్దం అంటే పిచ్చి, రైళ్ళు తిరిగే రోజుల్లో పుట్టి మనసంతా ఆరొందల ఏళ్ళ వెనక పెట్టుకున్న మనిషి. సొంతిల్లు కట్టుకోవాలని 1875లో ప్లాన్లు మొదలెట్టాడు, 1878 మార్చిలో దిగాడు, 1881 ఏప్రిల్ 20న ఆ ఇంట్లోనే పోయాడు, 53 ఏళ్ళకే. ఇంత చేసి ఉన్నది మూడేళ్ళు, అప్పటికీ లోపల పని పూర్తవలేదు. మన దగ్గర అయితే వాస్తు బాగాలేదనేవాళ్ళు.

ఇక లోపల. నేను లోపలికి వెళ్ళలేదు, అది ప్రైవేట్ ఇల్లు, నేను చెప్పేదంతా ఫొటోల్లో పుస్తకాల్లో చూసిందే. గదికో విషయం పెట్టుకున్నాడు, హాల్‌కి కాలం, డ్రాయింగ్ రూమ్‌కి ప్రేమ, గెస్ట్ బెడ్‌రూమ్‌కి భూమి, తన పడగ్గదికి సముద్రం. పెట్టుకున్నాక ఆ విషయాన్ని గోడ మీద, సీలింగ్ మీద, కిటికీ అద్దంలో, నేల మీద, ఫైర్‌ప్లేస్ మీద ఎక్కడా వదలకుండా చెప్పించాడు. వాకిట్లో మొజాయిక్‌లో తన పెంపుడు కుక్క పింకీ బొమ్మ వేయించాడు. ముందు తలుపుకి కంచు తొడుగు, దానికి ఉత్తరాల డబ్బా, డబ్బా ఏమో దేవతల వార్తలు మోసుకుపోయే మెర్క్యురీ ఆకారంలో. ఆ డబ్బా అసలుది పోయింది, అప్పట్లోనే తయారైన ఇంకో కాపీ హిగ్గిన్స్‌వాళ్ళ దగ్గర ఉంది, అదొక ఊరట.

లైబ్రరీ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఫైర్‌ప్లేస్ పైన రాతిలో పెద్ద కోటలాంటిది చెక్కారు, బేబెల్ గోపురం కథ, మనుషుల భాషలన్నీ చెదిరిపోయిన కథ. అయితే అందులోంచి బయటికొస్తున్నది మనుషులు కాదు, వ్యాకరణం! క్రియ ఒక రాణిగారు, నామవాచకం మూటలు మోసే కూలీ, సర్వనామాలు బూరలు ఊదే ఇద్దరు, ఇలా ఒక్కొక్క భాషాభాగానికి ఒక బొమ్మ, రంగులూ బంగారం పూతా. పైన పాలించేది నిమ్రోదు రాజు. దాని చుట్టూ అంచు పట్టీలో ఇంగ్లిష్ అక్షరాలు వరసగా చెక్కి ఉంటాయి, చూసుకుంటూ వెళ్తే హెచ్ ఒక్కటి లైన్లో ఉండదు, కిందకి జారి పడిపోయి ఉంటుంది. లండన్‌లో చదువులేని జనం మాటల ముందు హెచ్ మింగేస్తారని అప్పటి పెద్దింటివాళ్ళ వెటకారం, ఈయన ఆ జోక్‌ని రాతిలో చెక్కించి ఫైర్‌ప్లేస్‌కి పెట్టుకున్నాడు. జోక్ కాస్త చిన్నచూపుగానే ఉంది, ఒప్పుకుంటా, అయినా రాయి కొట్టేవాడిని కూర్చోబెట్టి ఒక అక్షరాన్ని కావాలని కింద పడేయించిన మనిషంటే నాకు ముచ్చటే.

డైనింగ్ రూమ్‌లో మటుకు ఈయన పక్కా ప్రాక్టికల్. గుడ్డ పరదాలు, తెరలు తిండివాసన పట్టేస్తాయని గోడలకి డెవన్‌షైర్ పాలరాయి, దానిపైన జానపద కథల బొమ్మలున్న గ్లేజ్ టైల్స్, సీలింగ్‌కి ఎనామెల్ పూసిన ఇనప రేకులు, వాటిమీద సూర్యుడూ గ్రహాలూ రాశులూ. తుడిస్తే పోతుంది. ఓపెన్ కిచెన్ పెట్టించుకుని తాలింపు వాసన సోఫాకి పట్టిందని ఏడ్చే మా బ్యాచ్ అంతా ఆ ఒక్క గది చూసి దండం పెట్టాలి. పై అంతస్తులో పిల్లల గదులు కూడా ఉన్నాయి, ఫైర్‌ప్లేస్ మీద చిక్కుడు తీగెక్కే జాక్ కథ. ఈయనకి పెళ్ళే కాలేదు.

సరే, అసలు పాయింట్‌కి వస్తున్నా, ఇక్కడినుంచి క్యూరేటర్లు మళ్ళీ చదవండి.

పడగ్గది ఒక్కటి తీసుకుందాం. గది మొత్తం సముద్రం అన్నాను కదా, సీలింగ్ కింద చుట్టూరా అలల పట్టీ, అందులో చేపలు, పాములాంటి ఈల్ చేపలు ఈదుతుంటాయి. ఫైర్‌ప్లేస్ హుడ్ మీద మత్స్యకన్య, చుట్టూ గవ్వలు, పగడాలు, నాచు, ఒక పిల్ల మత్స్యకన్య కూడా. పెద్ద మత్స్యకన్య ఏం చేస్తోందంటే చేతిలో అద్దం పట్టుకుని తన మొహం తను చూసుకుంటోంది. తలెత్తితే సీలింగ్ దూలాలకి బంగారు నక్షత్రాలు, నక్షత్రం మధ్యలో ఉబ్బుగా ఉన్న బుల్లి అద్దాలు, అంటే రాత్రి కొవ్వొత్తి వెలిగిస్తే ఆ వెలుగు అన్నిట్లోనూ చుక్కచుక్కగా మెరుస్తుంది. ఇదంతా ఇప్పటికీ లండన్ ఇంట్లోనే ఉంది. ఇప్పుడు హిగ్గిన్స్‌కి రండి, అదే గదిలో ఉన్న వాష్‌స్టాండ్, దానిమీద నార్సిసస్ బొమ్మ, నీళ్ళలో తన మొహం చూసి తనమీద తనే మోజుపడ్డ కుర్రాడు. రోజూ పొద్దున్నే లేచి మొహం కడుక్కునే చోట! పక్కన ఎర్ర రంగు మంచం, తల వైపు పలకమీద హెన్రీ హాలిడే వేసిన నిద్రపోతున్న రాకుమారి, వందేళ్ళు లేవని పిల్ల. అద్దం చూసుకునే ఆవిడ ఒక ఊళ్ళో, నీళ్ళలో చూసుకునే అబ్బాయి ఇంకో ఊళ్ళో, మధ్యలో రైల్లో గంట ప్రయాణం. రెండూ ఒకే గోడల మధ్య ఉంటే చూడగానే నవ్వొచ్చే జోక్ ఇది, విడదీస్తే ఇటు ఒక అందమైన ఫర్నిచరు, అటు ఒక అందమైన ఫైర్‌ప్లేస్, అంతే మిగుల్తాయి.

ఇంకో సంగతి, ఆ మంచం, వాష్‌స్టాండ్ రెండూ ఇంటికంటే పాతవి. 1865, 1867 మధ్యలో చేయించినవి, అప్పుడు ఈయన స్ట్రాండ్ దగ్గర బకింగ్‌హామ్ స్ట్రీట్‌లో ఉండేవాడు. మనం ఇల్లు కట్టి తర్వాత ఫర్నిచర్ కొంటాం, ఈయన ఫర్నిచర్ ముందు చేయించుకుని దానికి తగ్గ గది పదేళ్ళ తర్వాత కట్టుకున్నాడు. మత్స్యకన్య చేతికి అద్దం ఎందుకొచ్చిందంటే నార్సిసస్ అప్పటికే ఇంట్లో ఉన్నాడు కాబట్టి అని నా లెక్క. రుజువు లేదు, నా ఊహే, కానీ గదీ సామానూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇలాంటి ఊహలు ఎవరికి వాళ్ళకే వస్తాయి.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆ ఎర్ర మంచం చూపించాను. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని (ముట్టుకోకూడదని ముందే చెప్పి తీసుకెళ్తా) చుట్టూ తిరిగి, తలవైపు బొమ్మ దగ్గర వంగి చాలాసేపు చూసి, "బాగుందమ్మాయ్, రంగు ఏం ఎరుపో! మరి ఇది ఏ గోడకి ఉండేది, కిటికీ ఎటువైపు, లేవగానే ఆయనకి ఏం కనపడేది?" అని అడిగారు. నేను ఫోన్ తీసి మత్స్యకన్య ఫొటో వెతికి చూపించేసరికి పది నిమిషాలు పట్టింది, చూశాక ఆవిడ నవ్విన నవ్వు చూడాలి, "ఇద్దరికీ అద్దం పిచ్చేనా" అన్నారు. ఈయన ఆ మంచంలోనే పోయాడని, కార్డిఫ్‌లో పని చూడ్డానికి వెళ్ళి జలుబు చేసి వచ్చి పక్షవాతంలా పడి అందులోనే కొన్ని వారాలు ఉన్నాడని, చివరి రోజుల్లో చూడ్డానికొచ్చినవాళ్ళలో ఆస్కార్ వైల్డ్, చిత్రకారుడు విస్లర్ ఉన్నారని చెప్తే మటుకు రెండడుగులు వెనక్కేశారు. ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలూ చాలా మంచివి, ఈ లేఖ మొత్తం వాటి గురించే అనుకోండి.

సామాను ఎలా చెదిరిందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆష్మోలియన్‌లో ఉన్న పెద్ద బుక్‌కేస్, మూడు మీటర్ల పైన ఎత్తు, ఒకవైపు క్రైస్తవ కళ ఇంకోవైపు అంతకుముందటి కళ, రోసెట్టి, బర్న్-జోన్స్, పాయింటర్ లాంటి 14 మంది చిత్రకారులు తలో పలక వేశారు, 1862 లండన్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు, అలాంటిది 1933లో 50 పౌండ్లకి అమ్ముడుపోయింది. నార్సిసస్ వాష్‌స్టాండ్‌ని కవి బెట్జమన్ 1950ల్లో తన స్నేహితుడు నవలా రచయిత ఎవెలిన్ వాకి బహుమతిగా ఇస్తే, ఆయన కొళాయి దగ్గర ఒక గొట్టం ఉండాలి ఏదని గొడవ, అసలు అలాంటి గొట్టమే లేదని బెట్జమన్, ఆ గొడవ చివరికి నవల్లోకి కూడా ఎక్కింది. రాశులు నాట్యం చేస్తున్నట్టు స్టేసీ మార్క్స్ బొమ్మలు వేసిన, సోఫాలా కూర్చునే బల్ల ఉందే, దాన్ని 2011లో హిగ్గిన్స్ వాళ్ళు కొన్నది 8,50,000 పౌండ్లకి. 50 పౌండ్ల నుంచి ఎనిమిదిన్నర లక్షలకి, ఎనభై ఏళ్ళలో. గెస్ట్ రూమ్ బంగారు మంచం వి అండ్ ఏ దగ్గర ఉంది, దాని తలవైపు ఫ్రెడ్ వీక్స్ వేసిన బొమ్మ, ముగ్గురు దేవతల్లో ఎవరు అందగత్తె అని ప్యారిస్ తీర్పు చెప్పే సీన్. ఆ మంచం ఉన్న గది సీలింగ్ దూలాల మీద కప్పలూ ఎలుకలూ ఉన్నాయి! అతిథి దేవతల అందాల పోటీ కింద పడుకుని, కళ్ళు తెరిస్తే కప్పలు కనపడాలని ఈయన ప్లాన్. కప్పలు లేకుండా ఆ మంచం మరీ సీరియస్‌గా కనపడుతుంది, నా మాట నమ్మండి.

ఇక్కడ కొంతమంది "ఆ ఇంటినే మ్యూజియం చేసెయ్యొచ్చు కదా, సామాను వెనక్కి పంపెయ్యొచ్చు కదా" అంటారు, పిటిషన్ పెడదామని కూడా అన్నారు మా గ్రూప్‌లో. నేను సంతకం పెట్టను. ఆ ఇల్లు 1962 నుంచి 1966 దాకా ఖాళీగా పడుంటే ఆకతాయిలు దూరి నాశనం చేశారు. తర్వాత బాగుచేయించడం మొదలైంది, 1969లో నటుడు రిచర్డ్ హారిస్ కొని, మొదట రంగులు వేసిన క్యాంప్‌బెల్ స్మిత్ కంపెనీనే మళ్ళీ పిలిపించాడు, వాళ్ళు వి అండ్ ఏలో ఉన్న బర్జెస్ అసలు డ్రాయింగ్‌లు చూసుకుంటూ చేశారు. 1972 నుంచి లెడ్ జెప్లిన్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్‌ది, అయిదు దశాబ్దాలుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. పక్కింటి పాప్ గాయకుడు రాబీ విలియమ్స్ నేలకింద స్విమ్మింగ్ పూల్ తవ్వుతానంటే పేజ్ ఏళ్ళ తరబడి కొట్లాడింది పేపర్లలో అందరం చదివాం, 2018 డిసెంబర్‌లో కౌన్సిల్ షరతులు పెట్టి ఒప్పుకుంది, అప్పుడు చాలామంది సెలబ్రిటీల పంతం అని నవ్వారు. అందులో నవ్వడానికేముంది? అద్దాలూ టైల్సూ పూత రంగులూ గోడలోనే కలిసిపోయి ఉన్న ఇల్లది, మంచాన్ని మోసుకెళ్ళి దాచొచ్చు, ఫైర్‌ప్లేస్‌ని దాచలేరు, గోడ అదిరితే దాంతోపాటే బీట పడుతుంది. రోజుకి అయిదొందల మంది ఆ ఇరుకు మెట్లెక్కి, తడి కోట్లతో, బ్యాగులతో గోడలకి రాసుకుంటూ తిరిగితే ఎన్నాళ్ళు ఉంటుంది ఆ రంగు? మూసి ఉండబట్టే మిగిలింది. సామానూ మీ దగ్గరే క్షేమం, నా మాట వెనక్కి పంపమని కాదు.

నా మాట ఇది. మీరందరూ కలిసి ఒక్క గదితో మొదలెట్టండి, పడగ్గదితో అయితే సుళువు, ఎందుకంటే మంచం, వాష్‌స్టాండ్ రెండూ ఒకే మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఇంటాయన్ని మర్యాదగా అడిగి ఒక మంచి ఫొటోగ్రాఫర్‌ని ఒక్కరోజు పంపండి, నాలుగు గోడలు, సీలింగ్, నేల. వాటిని అసలు సైజులో ప్రింట్ చేయించి మంచం వెనకాల నిలబెట్టండి, మత్స్యకన్య ఎటువైపు ఉండేదో అటే పెట్టండి. కుదరదంటే 1880ల్లోనే బర్జెస్ బావగారు పుల్లన్ ఆ ఇంటి ఫొటోలతో పుస్తకం వేశాడు, అప్పటికి సామాను ఇంకా ఇంట్లోనే ఉంది, ఆ బ్లాక్ అండ్ వైట్ ఫొటోలైనా పెద్దవి చేసి పెట్టొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఎంత ఖర్చు? ఎనిమిదిన్నర లక్షలు పోగుచేసినవాళ్ళకి ఇదొక లెక్కా. లైబ్రరీకొస్తే ఆక్స్‌ఫర్డ్‌లో బుక్‌కేస్ పక్కన బేబెల్ గోపురం ఫొటో, అది కూడా అంతే.

పనివాళ్ళ పేర్లు కూడా పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుంటుంది. గీసింది బర్జెస్, నిజమే, గోడకి కొట్టే మేకు దాకా అన్నీ ఆయనే గీశాడేమో అనిపిస్తుంది. కానీ ఆ వ్యాకరణం బొమ్మలు చెక్కింది థామస్ నికోల్స్, కార్డిఫ్‌లోనూ ఆయనే. బుక్‌కేస్ కొయ్యపని హార్లండ్ అండ్ ఫిషర్, కిటికీ రంగుటద్దాలు సాండర్స్ వాళ్ళు. ఈ ఫర్నిచర్‌లో వడ్రంగం చూస్తే పెద్ద డాబు లేదు, నలుచదరంగా పెట్టెల్లాగే ఉంటాయి, ఫ్రాన్స్‌లో బేయూ, నొయాన్ చర్చిల్లో పాత అల్మారాలు చూసొచ్చి అలాంటివే కావాలనుకున్నాడు, పైన రంగు నిలబడాలంటే కింద చెక్క గమ్మున ఉండాలి. మా వీధిలో కొండపల్లి బొమ్మలున్న ఇల్లు నాలుగైనా ఉంటాయి, రంగు పట్టాలంటే కింద చెక్కని ఎంతసేపు నునుపు చెయ్యాలో తెలిసినవాళ్ళం, చెక్కినవాడి పేరూ పూసినవాడి పేరూ చదివితే మాకు ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది.

చివరిగా బొంబాయి సంగతి, ఇది కొసరు. ఇప్పటి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ కోసం 1866 ప్రాంతంలో బర్జెస్ ఒక బిల్డింగ్ డిజైన్ చేశాడు, కట్టలేదు, కాగితాల మీదే ఉండిపోయింది. ఆయన మంచి డిజైన్లలో అదొకటని తెలిసినవాళ్ళు అంటారు. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుగారు చదివింది ఆ స్కూల్లోనే, కట్టి ఉంటే ఆయన బర్జెస్ బిల్డింగ్‌లో కూర్చుని బొమ్మలు వేసేవారు. మీరు గదుల పని మొదలెట్టినప్పుడు ఆ బొంబాయి డ్రాయింగ్‌ల మంచి కాపీలు కూడా ఒక గోడకి పెట్టండి, ఇంకో సెట్ ఆ స్కూల్‌కి పంపించండి. రాజమండ్రిలో రామారావుగారి పేరుమీద ఆర్ట్ గ్యాలరీ ఉంది, మూడో సెట్ అక్కడికి పంపినా తీసుకుంటారనే అనుకుంటున్నా, పోస్ట్ ఖర్చులు కావాలంటే మా గ్రూప్‌లో చందా వేసుకుంటాం.

జవాబు ఇంగ్లిష్‌లో ఇచ్చినా పర్లేదు.

ఇట్లు,
మిల్టన్ కీన్స్ నుంచి ఒక తెలుగావిడ